మూపురం ఉంటే మాంసం గట్టిదేనా? ఒంగోలు, నెలోర్, బ్రాహ్మన్ జన్యువుల గొడవ

వేకో_వెంకట్
బ్రెజిల్‌లో 40 కోట్లు పలికిందంటున్న నెలోర్ ఆవు వియాటినా-19 ఉంది కదా, మా బాబాయ్ వాట్సాప్‌లో దాని ఫోటో మళ్ళీ పంపాడు. "చూశావా, మన ఒంగోలు జాతి, బ్రెజిల్‌లో ప్రపంచ రికార్డు" అని. సంతోషమే. కానీ నేను టెక్సాస్‌లో ఒక ఫీడ్‌లాట్‌లో, అంటే దాణా పెట్టి పశువులను బలిపించే చోట, డేటా పని చేస్తాను. ఇక్కడ అదే రక్తం ఉన్న దూడ వేలానికి వస్తే ధర కోసేస్తారు. "చెవి ఎక్కువుంది" అని ఒక్క మాట అంటారు, అంటే బ్రాహ్మన్ (మన మూపురం పశువుల నుంచి అమెరికాలో తయారైన జాతి) పోలిక కనిపిస్తోందని. కిలోల లెక్కన ఏ లోటూ ఉండదు, ఎండకు తట్టుకుంటుంది, పిడుదులు పట్టవు, అయినా ధర తక్కువే. ఎందుకని మా మేనేజర్ని అడిగితే "మాంసం గట్టిది, జీన్స్ అంతే" అని తేల్చేశాడు. నిజంగా జన్యువుల్లో అలా రాసి ఉందా, లేక చెవులు చూసి మనిషిని అంచనా వేసే రకం వ్యవహారమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కరవది_కుర్రాడు
మాది ఒంగోలు పక్కనే. మా ఊరి పేరుతోనే బ్రెజిల్‌కి ఒక గిత్త వెళ్ళింది, 1960ల మొదట్లో. అక్కడ దాని పేరు 'కర్వాది'. ఇవ్వాళ నెలోర్ (మన ఒంగోలు నుంచి బ్రెజిల్‌లో తయారైన జాతి) వంశవృక్షాలు తిరగేస్తే ఆ పేరు తగలని పేజీ దొరకడం కష్టం. మన గిత్త మాంసం గట్టిదని ఎవడన్నాడో వాడిని సంక్రాంతికి బండలాగుడు పందేలకు రమ్మనండి.

గోంగూర_గ్యాంగ్
@కరవది_కుర్రాడు బండ లాగింది కాబట్టే గట్టిగా ఉందేమో బ్రో 😄

పద్మ_పశువైద్యం
వెంకట్ గారూ, మీ మేనేజర్ చెప్పింది సగం నిజం. ఆ సగం ముందు చెప్తాను.

పశువు చనిపోయాక కండరంలో కాల్షియం విడుదలవుతుంది. దాంతో కాల్పెయిన్ అనే ఎంజైము పని మొదలుపెట్టి, కండపోగులను కలిపి ఉంచే డెస్మిన్, టైటిన్ లాంటి ప్రోటీన్లను తెంపుతుంది. అందుకే మాంసాన్ని చల్లగా రెండు వారాలు ఉంచితే మెత్తబడుతుంది. ఈ కాల్పెయిన్ ఒక కత్తెర అనుకుంటే, దానికి తొడిగే ఒర కాల్పాస్టాటిన్. అది ఎంత ఎక్కువుంటే తెంపే పని అంత నెమ్మది. మూపురం జాతుల్లో, అంటే జెబూ పశువుల్లో, వధించాక కాల్పాస్టాటిన్ చురుకుదనం ఎక్కువగా ఉంటుంది. నెబ్రాస్కాలో క్లే సెంటర్ పరిశోధన కేంద్రం వాళ్ళు దశాబ్దాల పాటు రకరకాల జాతులను సంకరం చేసి పోల్చారు. జెబూ రక్తం వాటా పెరిగేకొద్దీ మాంసం కోయడానికి పట్టే బలం పెరుగుతూ పోయింది. కాబట్టి అది వట్టి అపోహ కాదు.

మిగతా సగం ఏంటంటే, అది సగటు మాట. ఒక్కో పశువు సంగతి వేరు.

శాంతి_మార్గం
గోమాతను పూజించే దేశంలో పుట్టి ఈ చర్చ ఏంటండీ? బాధగా ఉంది.

మోడరేటర్_2
@శాంతి_మార్గం మీ మనోభావం అర్థమైంది. ఇది టెక్సాస్, బ్రెజిల్, ఆస్ట్రేలియా పశువుల మీద పశుశాస్త్ర విభాగంలో నడుస్తున్న చర్చ. మన రెండు రాష్ట్రాల్లో 1977 చట్టం ప్రకారం గోవధ నిషేధం, ఆ సంగతి ఇక్కడెవరూ కాదనడం లేదు. దాని మీద మాట్లాడాలంటే వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ మాత్రం విషయం దాటకండి.

టౌన్స్‌విల్_తాతారావు
మేనేజర్లు చెవులు చూస్తారని నవ్వుకుంటున్నారు కదా, ఇక్కడ క్వీన్స్‌లాండ్‌లో ఏకంగా స్కేలు పెట్టి మూపురం కొలుస్తారు. మీట్ స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా గ్రేడింగ్‌లో మూపురం ఎత్తు ఒక కొలత, మిల్లీమీటర్లలో. చిల్లర్లో వేలాడే కళేబరం దగ్గర నిలబడి, మూపురం మీద స్కేలు ఆనించి, అంకె కొట్టేసి తర్వాతదానికి వెళ్ళిపోతారు. ఆ అంకె, పీహెచ్, కొవ్వు గీతలు, ఎముక గట్టిపడిన తీరు, వేలాడదీసిన పద్ధతి, అన్నీ కలిపి ఒక్కో ముక్కకు విడిగా స్కోరు ఇస్తారు. మూపురం దెబ్బ అన్ని ముక్కల మీదా ఒకేలా పడదు. నడుం భాగం ముక్కలకే ఎక్కువ తగులుతుంది.

ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో మూపురం లేని పశువును పెంచడమంటే పిడుదులకు విందు పెట్టడమే. కాబట్టి ఇక్కడెవరూ బ్రాహ్మన్‌ని వదులుకోరు. ధర కోసినా అదే పెంచుతారు.

వేకో_వెంకట్
@టౌన్స్‌విల్_తాతారావు ఇదే నాకు ఎక్కనిది. మూపురం ఎత్తుకూ మెత్తదనానికీ సంబంధం ఏంటి? మూపురాన్ని ఎవరూ స్టేక్ వేయరుగా?

టౌన్స్‌విల్_తాతారావు
మూపురం నేరం ఏమీ లేదు. జెబూ రక్తం ఎంతుందో చెప్పే గుర్తు, అంతే. కళేబరం దగ్గర వంశవృక్షం ఉండదు, మూపురం ఉంటుంది.

కోత_బ్లేడు
అమెరికాలోనూ అంతే. ఆంగస్ అంటే మూపురం లేని యూరప్ జాతి. సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ అని ముద్ర పడాలంటే ఉన్న షరతుల్లో మూపురం 2 అంగుళాలు దాటకూడదని ఒకటి. తోలు నల్లగా ఉండి కూడా మూపురం దగ్గర ఫెయిలయ్యే పశువులు ఉంటాయి.

ప్లాంట్_ప్రసాద్
అందరూ జన్యువులు జన్యువులు అంటున్నారు. నేను చాలా ఏళ్ళు ప్లాంట్లలో చిల్లింగ్ చూశాను. పద్మ గారితో ఇక్కడ నాకు పేచీ ఉంది. జెబూ పశువు మీద కొవ్వు పొర పల్చన. అలాంటి కళేబరాన్ని తీసుకెళ్ళి గబగబా చల్లబరిస్తే, కండరం బిగుసుకోకముందే 10 డిగ్రీల కిందికి పోతుంది. అప్పుడు కండపోగులు కుంచించుకుపోయి రబ్బరులా తయారవుతుంది. దాన్నే కోల్డ్ షార్టెనింగ్ అంటాం. తప్పు చిల్లర్‌ది, పేరు జన్యువుది. కళేబరానికి కరెంటు స్టిమ్యులేషన్ ఇచ్చి, తుంటి ఎముక దగ్గర వేలాడదీసి, 14 రోజులు ఆగితే నా చేతికి వచ్చిన బ్రాహ్మన్ మాంసం మీద ఫిర్యాదు చాలా తగ్గేది. ఆ ఖర్చు పెట్టడానికి యాజమాన్యానికి మనసు రాదు. జాతి మీద తోసేయడం తేలిక.

పద్మ_పశువైద్యం
@ప్లాంట్_ప్రసాద్ సార్, పేచీ ఏమీ లేదు, కానీ ఒక్క విషయం. అదే చిల్లర్లో, అదే రోజు, అంతే కొవ్వు ఉన్న ఆంగస్, బ్రాహ్మన్ పెట్టి చూసినా తేడా మిగులుతుంది. చిన్నదవుతుంది, పోదు. మీరు చెప్పినవన్నీ చేస్తే జన్యువుల తేడాను చాలావరకు పూడ్చవచ్చు, దానికి నేనూ ఒప్పుకుంటా.

ఇంకొకటి, కంగారు పడే పశువు సంగతి. వధకు ముందు బెదిరితే కండరంలో నిల్వ ఉన్న చక్కెర, గ్లైకోజెన్, ఖర్చయిపోయి పీహెచ్ దిగదు. మామూలుగా 5.4 నుంచి 5.7 మధ్యకు రావాలి, 5.8 పైన ఆగిపోతే మాంసం నల్లబడుతుంది. మూపురం జాతుల్లో బెదురు పాలు కాస్త ఎక్కువ. ఆ బెదురు కూడా వంశపారంపర్యమే. క్రష్ (పశువును కదలకుండా పట్టి ఉంచే చట్రం) లోంచి వదిలినప్పుడు ఎంత వేగంగా దూకి పోతుందో సెన్సర్లతో కొలుస్తారు. ఆస్ట్రేలియాలో ఉష్ణమండల జాతుల మీద చూస్తే, నిదానంగా నడిచి వెళ్ళే వంశాల మాంసం మెత్తగా వచ్చింది.

గోంగూర_గ్యాంగ్
మా ఇంట్లో ఏ మాంసమైనా కుక్కర్లో 6 విజిల్స్. జన్యువు గిన్యువు అన్నీ అందులో ఉడికిపోతాయి.

పద్మ_పశువైద్యం
@గోంగూర_గ్యాంగ్ నవ్వుతూ అన్నా పాయింటే అది. కూరలో గట్టిదనం తెచ్చేది ముఖ్యంగా కొల్లాజెన్. తడి వేడిలో ఎక్కువసేపు ఉంచితే కరిగి జిలాటిన్ అవుతుంది. కాల్పెయిన్ తేడా బయటపడేది పెనం మీద పది నిమిషాల్లో చేసే స్టేక్‌లో. పైగా మన దగ్గర పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటుంది, కాల్పెయిన్‌కు పని చేసే సమయమే ఇవ్వం. అందుకే మన వంటలో పచ్చి బొప్పాయి, పెరుగు, కుక్కర్ ఆ పని చేస్తాయి.

సికింద్రాబాద్_సల్మాన్
కరెక్ట్. మా అమ్మీ పెద్ద కూరకు పచ్చి బొప్పాయి తొక్కతో సహా నూరి పట్టిస్తది. జన్యువులు అడిగితే చెప్పు తీస్తది.

లెక్కల_లీల
పశు జన్యుశాస్త్రంలో గణాంకాల పని నాది. 'సగటు మాట' అని పద్మ గారు అన్నదాన్ని సాగదీస్తా, కాస్త పొడుగు అవుతుంది.

మాంసం గట్టిదనాన్ని కొలిచే పరీక్ష ఎలా ఉంటుందో ముందు చూడండి. నడుం కండరం నుంచి అంగుళం మందం ముక్క కోస్తారు. లోపలి వేడి 71 డిగ్రీలు వచ్చేదాకా కాల్చి, చల్లారనిస్తారు. తర్వాత అరంగుళం వ్యాసమున్న గొట్టంతో కండపోగుల వెంబడే చిన్న స్తంభాలు తీస్తారు. పోగులకు అడ్డంగా తీస్తే లెక్క చెడిపోతుంది, కొత్తగా చేరిన పిల్లలు ఇక్కడే దొరుకుతారు. ఆ స్తంభాన్ని మధ్యలో 'వి' ఆకారపు గాడి ఉన్న మొండి బ్లేడులో పెట్టి, తెగడానికి ఎన్ని కిలోల బలం పట్టిందో చూస్తారు. ఒక్క స్టేక్ నుంచి అరడజను దాకా తీసి సగటు కడతారు. అంకె తక్కువ వస్తే మెత్తన.

ఇప్పుడు ఈ అంకెల్లో తేడా ఎంత జన్యువుల వల్ల వస్తుంది? దాదాపు మూడో వంతు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. కొవ్వు గీతలకైతే (మార్బ్లింగ్) నూటికి 40 నుంచి 50 పాళ్ళు దాకా ఉంటుంది. అంటే మార్బ్లింగ్‌ను వంశంతో మార్చడం తేలిక, మెత్తదనాన్ని మార్చడం కష్టం. పైగా మార్బ్లింగ్‌ను బతికున్న పశువు మీద అల్ట్రాసౌండ్‌తో చూడొచ్చు. మెత్తదనం చూడాలంటే పశువు చనిపోవాలి. ఆంబోతును కోసి చూసి, బావుంది దీన్నే వాడదాం అనలేం కదా.

వెంకట్ గారి అసలు ప్రశ్నకు వస్తే, ఆంగస్ అంకెలు, బ్రాహ్మన్ అంకెలు గ్రాఫు గీస్తే రెండు కుప్పలూ చాలామేర ఒకదాని మీద ఒకటి పడతాయి. మెత్తని బ్రాహ్మన్, గట్టి ఆంగస్ రెండూ మామూలే. చెవి చూసి ధర కోసేవాడు సగటు మీద పందెం కాస్తున్నాడు. అతని వైపు నుంచి అది లాభమే. మెత్తని బ్రాహ్మన్ పెంచిన రైతుకు మాత్రం అన్యాయం.

వేకో_వెంకట్
@లెక్కల_లీల బ్రహ్మాండంగా చెప్పారు. అయితే డీఎన్ఏ పరీక్ష చేయించి మెత్తని వంశాలు ఏరుకోవచ్చుగా? ఒక కంపెనీ మెత్తదనానికి మార్కర్ (డీఎన్ఏలో తేడాను చూపే గుర్తు) టెస్ట్ అని అమ్ముతోంది, తోక వెంట్రుకలు పంపితే చాలంటున్నారు.

లెక్కల_లీల
ఏ జాతి మీద తయారు చేశారో అడగండి, అదే మొదటి ప్రశ్న.

కాల్పెయిన్ జన్యువు పశువుల 29వ క్రోమోజోము మీద ఉంది, కాల్పాస్టాటిన్ 7వ దాని మీద. 2002లో కాల్పెయిన్ జన్యువులో ఒక మార్కర్ దొరికింది, 316 అంటారు. యూరప్ జాతుల్లో బాగా పనిచేసింది. బ్రాహ్మన్‌లో చూస్తే మెత్తదనం ఇచ్చే రూపం దాదాపు కనిపించదు. అందరి దగ్గరా ఒకే రూపం ఉంటే ఇక ఏరుకునేది ఏముంది? 2005లో 4751 అనే ఇంకో మార్కర్ వచ్చింది. అది మూపురం జాతుల్లోనూ కొంత తేడా పట్టుకుంటుంది. దానికి కాల్పాస్టాటిన్ మార్కర్ కలిపితే ఉపయోగం ఉంది, కానీ రెండు మూడు మార్కర్లు మొత్తం తేడాలో కొంత భాగమే చెప్తాయి. మిగతాది వందల జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు.

మార్బ్లింగ్‌కి థైరోగ్లోబ్యులిన్ మార్కర్ అని 2000ల మొదట్లో తెగ అమ్మారు. తర్వాత వేరే మందల్లో చూస్తే ఒకచోట పనిచేసింది, ఇంకోచోట లేదు. అప్పట్నుంచి ఒక్క జన్యువు పరీక్ష అని ఎవరన్నా బ్రోచర్ ఇస్తే నేను పక్కన పెట్టేస్తా.

కోత_బ్లేడు
అందుకేగా జీనోమ్ చిప్పులు వచ్చాయి. వాటితో అన్ని మార్కర్లూ ఒకేసారి చూడొచ్చు.

లెక్కల_లీల
@కోత_బ్లేడు అవును, కానీ అదే రోగం చిప్పులకూ ఉంది. 2009లో మొదట చదివిన పశువు జీనోము ఒక హియర్‌ఫోర్డ్ ఆవుది, యూరప్ జాతి. మొదటి 50 వేల మార్కర్ల చిప్పులో మూపురం జాతులకు ఉపయోగపడేవి తక్కువ. ఆంగస్ మందల మీద నేర్పిన సమీకరణం తెచ్చి నెలోర్ మీద వేస్తే జవాబు తప్పుతుంది. మార్కరూ అసలు జన్యువూ జంటగా ప్రయాణించే తీరు ఈ రెండు జాతుల్లో వేరు. ఇవి లక్షల ఏళ్ళ కిందటే విడిపోయిన వంశాలు. సొంత జాతిలో కోత బలం కొలిచిన మందలు ఉండాలి. వెంకట్ గారూ, ఆ కంపెనీని అదే అడగండి: మూపురం పశువుల మీద ఎన్నిటిని కోసి కొలిచారు?

కంపినాస్_కిరణ్
బ్రెజిల్ నుంచి. అలాంటి మందలు ఉన్నది ఇక్కడే. ఎంబ్రాపా (ఇక్కడి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ) వాళ్ళు, ఇక్కడి యూనివర్సిటీల వాళ్ళు నెలోర్‌లో కోత బలం కొలిచి జీనోము మొత్తం గాలించారు. పెద్ద జన్యువు ఒక్కటీ దొరకలేదు, లీల గారు చెప్పినట్టు చిన్నవే అనేకం.

ఇంకో సంగతి. బ్రెజిల్ మాంసం గట్టిదని పేరు రావడానికి జాతి ఒక్కటే కారణం కాదు. ఇక్కడ చాలా పశువులు గడ్డి మీదే పెరుగుతాయి, వయసు ముదిరాక కోతకు వెళ్తాయి. విత్తు కొట్టని మగవి కూడా చాలా వెళ్తాయి. వాటికి కొవ్వు పట్టదు, కొల్లాజెన్ ముదురుతుంది. అదే నెలోర్‌ను ఆంగస్‌తో దాటించి, చివర్లో దాణా మీద పెడితే సూపర్‌మార్కెట్లో మంచి ధరకు పోతుంది. ఇక్కడ ఆంగస్ వీర్యానికి ఉన్న గిరాకీ చూస్తే ఆశ్చర్యపోతారు.

@కరవది_కుర్రాడు కర్వాది పేరు ఇక్కడ వీర్యం కేటలాగుల్లో నేనూ చూశాను. ఆ 40 కోట్ల ఆవు వియాటినా-19 విషయానికొస్తే, మొత్తం ఆవును ఎవరూ కొనలేదు. 2023లో మూడో వంతు వాటా వేలం వేస్తే వచ్చిన ధరను మూడుతో గుణించి కట్టిన విలువ అది. 1,100 కిలోల ఆవు. డబ్బంతా పిండాలు, అండాలదే, మాంసానిది పైసా లేదు. ఆ ఆవు స్టేక్ మెత్తగా ఉంటుందా అని ఎవరూ అడగరు కూడా.

ఇక మూపురం ఎవరూ తినరన్న వెంకట్ గారికి: ఇక్కడ మూపురమే స్పెషల్. కుపిమ్ అంటారు. లోపలంతా కొవ్వు గీతలే. గంటల తరబడి సన్నసెగ మీద కాలుస్తారు. ఆస్ట్రేలియాలో స్కేలు పెట్టి మార్కులు కోసేదాన్ని ఇక్కడ అడిగి మరీ వడ్డించుకుంటారు.

టౌన్స్‌విల్_తాతారావు
😂 మా గ్రేడర్‌కి చెప్తా.

కరవది_కుర్రాడు
వాటా లెక్క నాకు తెలీదు. బాబాయ్‌లందరికీ ఫార్వర్డ్ చేస్తున్నా.
నా డౌట్: మన గిత్తలే అయినా బ్రెజిల్‌ది వేరే జాతిలా ఎందుకైంది?

కంపినాస్_కిరణ్
ఏరుకున్న తీరు వేరు. మన రైతు కాళ్ళు, మెడ, నడక, లాగే బలం చూసి ఆంబోతును ఎంచాడు. ఇక్కడివాళ్ళు 1938లో జాతి రిజిస్టరు పెట్టాక బరువు, ఎదుగుదల, ఎంత తొందరగా ఈడుకొస్తుంది అనేవి చూశారు. 1962 తర్వాత భారత్ నుంచి దిగుమతి దాదాపు ఆగిపోయింది, కొద్ది గిత్తల సంతానమే దేశమంతా నిండింది. మెత్తదనం మాత్రం మొన్నమొన్నటిదాకా రెండు దేశాల్లోనూ ఎవరూ అడగలేదు. నన్నడిగితే గట్టిదనం గురించి జాతిని తిట్టేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఆంగస్‌కి తినేవాడి పంటి కోసం తరాలుగా ఏరిన చరిత్ర ఉంది, ఒంగోలుకి అది లేదు.

పచ్చిపులుసు_99
కొవ్వు గీతలకు పేరున్న జపాన్ జాతి వాగ్యూ గురించి ఎవరూ మాట్లాడరేం? దాన్ని ఒంగోలుతో దాటిస్తే అయిపోతుందిగా

లెక్కల_లీల
@పచ్చిపులుసు_99 ఆస్ట్రేలియాలో వాగ్యూ, బ్రాహ్మన్ సంకరాలు ఉన్నాయి. దూడకు సగం సగం వస్తుంది. మార్బ్లింగ్ అమ్మానాన్నల మధ్యలో ఎక్కడో ఉంటుంది, జపాన్ వాళ్ళిచ్చే అత్యధిక స్కోరు 12 రాదు. మెత్తదనం మాత్రం బాగా కలిసొస్తుంది. అయితే కొవ్వు గీతలు, మెత్తదనం ఒకటి కాదు, అందరూ పడే పొరపాటు అది. మార్బ్లింగ్ మెత్తదనంలో ఉన్న తేడాలో కొంచెమే చెప్తుంది. రుచికి, నోట్లో రసం ఊరడానికి ఎక్కువ పనికొస్తుంది.

సికింద్రాబాద్_సల్మాన్
ఆ కండలు తిరిగిన తెల్ల ఎద్దులు, బెల్జియంవి, ఫోటోల్లో చూస్తే జిమ్‌కి పోయినట్టుంటాయి. అవి?

పద్మ_పశువైద్యం
బెల్జియన్ బ్లూ. అది నిజంగా ఒక్క జన్యువు కథే. కండ పెరుగుదలకు బ్రేకు వేసే మయోస్టాటిన్ జన్యువు 2వ క్రోమోజోము మీద ఉంది. వాటిలో అందులోంచి 11 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయాయి. 1997లో కనిపెట్టారు. మాంసం మెత్తగానే ఉంటుంది, కొవ్వు ఉండదు. కానీ దూడ బయటికి రాలేక 90 శాతం పైగా ఈతలు ఆపరేషన్లే. నేను ఫీల్డులో ఒక మామూలు సంకరజాతి ఆవుకు ఈత కష్టమైతే రాత్రంతా కూర్చున్నదాన్ని. ప్రతి ఈతా ఆపరేషనే అనే జాతిని పెంచడం నాకు మింగుడుపడదు.

ప్లాంట్_ప్రసాద్
దీనికి నేనూ ఓటేస్తా.

పచ్చిపులుసు_99
మన ఒంగోలుకి సొంత చిప్పు లేదా మరి?

లెక్కల_లీల
ఉంది. గచ్చిబౌలిలోని జంతు జీవసాంకేతిక సంస్థ 2021లో 'ఇండిగౌ' చిప్పు తెచ్చింది. 11,496 మార్కర్లు, గిర్, కాంక్రేజ్, సాహివాల్, ఒంగోలు లాంటి దేశీ జాతుల కోసం. ముఖ్యంగా జాతి స్వచ్ఛత చూసేందుకు, మంచి పశువును ఏరేందుకు. మాంసం నాణ్యత దాని పని కాదు, మన దగ్గర ఆవు మాంసం కోసం పెంచే పశువు కాదు కాబట్టి. మన బీఫ్ ఎగుమతంతా గేదె మాంసం. గేదె విషయంలో ఇలాంటి మెత్తదనం లెక్కలు మనవాళ్ళే చేయాలి, బ్రెజిల్ చేసిపెట్టదు.

కోత_బ్లేడు
@వేకో_వెంకట్ మీ ఊళ్ళోనే ఇంకో వైపు కూడా చూడండి. బ్రాహ్మన్, హియర్‌ఫోర్డ్ మొదటి తరం పెయ్యలు, ఒంటి మీద పులిచారలుంటాయే, వాటిని గల్ఫ్ తీరం రైతులు ఎక్కువ డబ్బు పెట్టి కొంటారు. ఈతలు బాగా వేస్తాయి, ఎక్కువ ఏళ్ళు నిలుస్తాయి. చెవి చూసి కోసేది దూడ దగ్గర, తల్లి దగ్గర అదే చెవికి అదనం ఇస్తారు.

వేకో_వెంకట్
అవును, ఆ పెయ్యల ధరలు మా షీట్లలోనే ఉన్నాయి.

ఆ టెస్ట్ కంపెనీకి మెయిల్ పెట్టా, మూపురం పశువుల్లో ఎన్నిటి మీద కోత బలం కొలిచారని. "మా పరీక్ష అన్ని జాతులకూ పనిచేస్తుంది" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. డబ్బు పెట్టట్లేదు. బదులుగా మా దగ్గరే క్రష్ లోంచి దూకే వేగం రాసుకోవడం మొదలుపెట్టమని మేనేజర్ని అడుగుతా. రెండు సెన్సర్లు చాలు కదా పద్మ గారూ?

పద్మ_పశువైద్యం
చాలు. క్రష్ గేటు దాటాక మొదటి సెన్సర్, దాని తర్వాత రెండు మీటర్ల లోపు ఇంకోటి. అన్నిటికీ అదే దూరం ఉంచండి. దూడకు కొట్టడం, అరవడం చేస్తే లెక్క పనికిరాదు, పనివాళ్ళకు ముందే చెప్పండి. ఏ ఆంబోతు సంతానమో పక్కనే రాయండి, అది లేకపోతే ఆ అంకెలతో ఏమీ చేయలేరు.

గోంగూర_గ్యాంగ్
@కంపినాస్_కిరణ్ అన్నా, ఆ కుపిమ్ కుక్కర్లో అయితే ఎన్ని విజిల్సో చెప్పు

కంపినాస్_కిరణ్
ఇక్కడివాళ్ళూ కుక్కర్ పెడతారు తమ్ముడూ. ముందు అందులో మెత్తగా ఉడికించి, తర్వాత బొగ్గుల మీద పైన ఎర్రగా కాల్చి కోస్తారు. విజిల్స్ లెక్క మాత్రం ఎవరూ పెట్టరు.